డిసెంబర్‌లో అమ్మతో షికాగో నుంచి తెనాలి దాకా

డిసెంబర్ మూడో వారంలో ఇండియా ప్రయాణం పెట్టుకోకూడదని షికాగోలో ఉన్న ప్రతి తెలుగువాడికీ తెలుసు, అయినా అందరం అప్పుడే పెట్టుకుంటాం. పిల్లలకి స్కూలు సెలవులు, ఆఫీసులో ఎలాగూ పని జరగదు, నాలుగు రోజులు కలుపుకుంటే సంక్రాంతి కూడా చూసి రావచ్చు. మాకు ఇంకో కారణం ఉంది. పాప పుట్టే టైముకి అమ్మని జూలై మొదటి వారంలో రప్పించుకున్నాం. విజిటర్ వీసా మీద దిగినప్పుడు ఆరు నెలలు ఇచ్చారు, అంటే జనవరి మొదటి వారం లోపల వెళ్లిపోవాలి. నవంబర్ చివర్లో మా అత్తగారు దిగారు, డ్యూటీ మారింది. తెనాలిలో నాన్న అప్పటికే దాదాపు అయిదు నెలలుగా కర్రీ పాయింట్ కూరలతో లాక్కొస్తున్నారు, ఫోన్ చేస్తే చాలు "మీ అమ్మ టికెట్ సంగతేమైందిరా" తప్ప ఇంకో మాట లేదు. వచ్చేటప్పుడు అమ్మ ఒక్కతే వచ్చింది కాబట్టి ఈసారి నేనే దిగబెట్టి, పండగ చేసుకుని వద్దామని సెలవు పెట్టాను.

టికెట్ల దగ్గరే పొరపాటు చేశాను, కాకపోతే అప్పుడు అది తెలివితేటలు అనుకున్నాను. అమ్మది రిటర్న్ టికెట్, దాని తేదీ మార్పించాను. నాది విడిగా కొన్నాను, అక్టోబర్‌లో కొన్నా 1,900 డాలర్లు పడింది. ఇద్దరిదీ ఒకే విమానం, పక్కపక్క సీట్లు, కానీ పీఎన్‌ఆర్‌లు, అంటే బుకింగ్ నంబర్లు, వేరు. హైదరాబాద్ నుంచి గన్నవరం ఫ్లైట్ ఇంకో కంపెనీది, చవగ్గా దొరికిందని అదీ విడిగానే కొన్నాను. అంటే ఒక ప్రయాణానికి మూడు బుకింగులు, దేనికీ ఇంకోదాని సంగతి తెలియదు. ఎయిర్‌లైన్‌కి ముందే ఫోన్ చేసి అడిగితే ఒక పీఎన్‌ఆర్‌లో రెండోదాని గురించి నోట్ రాసి పెడతారట, వీళ్లిద్దరూ కలిసి వెళ్తున్నారు అని. అది నాకు ఎవరు చెప్పారో, ఎక్కడ చెప్పారో కాసేపట్లో వస్తుంది. ఎయిర్‌లైన్ పేరు మాత్రం చెప్పను. మధ్యలో మారిన గల్ఫ్ ఎయిర్‌పోర్ట్ పేరు కూడా చెప్పను, ఎందుకంటే ఊరి పేరు చెప్తే ఎయిర్‌లైన్ పేరు చెప్పినట్టే.

సర్దుడు నాలుగు రోజులు పట్టింది. ఇద్దరికి నాలుగు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు. అమ్మ వచ్చేటప్పుడు గోంగూర, ఆవకాయ, కందిపొడి తెచ్చిన డబ్బాలన్నీ ఇప్పుడు బాదం, పిస్తాలతో తిరుగు ప్రయాణం. మా పిన్ని మోకాళ్లకి మాత్రలు, పక్కింటావిడకి లోషన్, జిప్‌లాక్ కవర్లు (ఇవి తెనాలిలో కూడా దొరుకుతాయే అంటే వినదు), మా చెల్లెలి పిల్లలకి రెండు పెద్ద నుటెల్లా సీసాలు. సూట్‌కేసులు నాలుగూ నల్లవే, షికాగో చుట్టుపక్కల సగం మంది తెలుగువాళ్ల ఇళ్లలో ఉండే సెట్టే. అందుకని అమ్మ తన పాత నేతచీర పసుప్పచ్చ అంచు చింపి ఒక్కో పిడికీ ఒక్కో పేలిక కట్టింది, మూడేసి ముళ్లు వేసి. నేను ఒక్కోదాంట్లో ఒక ఎయిర్‌ట్యాగ్ (పెట్టె ఎక్కడుందో ఫోన్‌లో చూపించే బిళ్ల) పడేశాను, అమ్మ పద్ధతి అమ్మది, నా పద్ధతి నాది అనుకుని.

శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకి విమానం. మేముండే నేపర్‌విల్ నుంచి షికాగో ఎయిర్‌పోర్ట్ ఓహేర్‌కి మామూలుగా ముప్పావుగంట, మధ్యాహ్నం నుంచి మంచు మొదలవడంతో గంటా ఇరవై నిమిషాలు పట్టింది. నాలుగున్నరకల్లా టెర్మినల్ 5లో ఉన్నాం, విదేశీ ఎయిర్‌లైన్ల విమానాలు ఎక్కువగా అక్కడి నుంచే. లోపలికి అడుగు పెట్టగానే అమ్మ "ఏరా, ఇది మన బెజవాడ బస్టాండా" అంది. తాళ్లు కట్టిన లైను పాములా ఎన్ని మెలికలు తిరిగిందో లెక్కపెట్టడం ఆరో మెలిక దగ్గర మానేశాను. ముందు వెనక అన్నీ మన మాటలే. ఎవరో ఆయన సూట్‌కేసు మీద కూర్చుని ఫోన్లో తోటకి నీళ్లు పెట్టించే సంగతి మాట్లాడుతున్నాడు, ఒక పాప నేల మీద పడుకుని ఏడుస్తోంది, వాళ్లమ్మ దాన్ని పట్టించుకోవడం మానేసి చాలాసేపయినట్టుంది.

కౌంటర్ దగ్గర అమ్మ రెండో సూట్‌కేసు 24.6 చూపించింది. ఇంట్లో చేత్తో వేలాడదీసి తూచే కాటాలో సరిగ్గా 23 వచ్చింది, దేవుడి మీద ఒట్టు. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ఎక్కువ బరువుకి డబ్బు కట్టండి లేదా తీసేయండి అని. ఇక చూడండి, వెనక యాభై మంది చూస్తుండగా నేల మీద సూట్‌కేసు తెరిచి బతుకంతా బయట పరచడం. ఇలా తెరిచినవాళ్లని చూసి నేను ఇదివరకు నవ్వుకున్నాను కూడా. కంగారులో ఏది ఎటు పోతోందో చూసుకోలేదు. ఒక నుటెల్లా సీసా, బాదం డబ్బా తీసి అమ్మ చేతిసంచిలో పెట్టాను, చేతిసంచి పట్టక అందులోంచి ఒక చిన్న గుడ్డసంచి తీసి సూట్‌కేసులో కుక్కాను. ఆ గుడ్డసంచిలో అమ్మ బీపీ మాత్రలు, థైరాయిడ్ మాత్రలు ఉన్నాయి. ఆ సంగతి విమానం ఎగిరిన రెండు గంటలకి తెలిసింది.

ట్యాగులు వేసేటప్పుడు అన్నింటి మీదా చివరి ఊరు హెచ్‌వైడీ అని ఉందో లేదో చూసుకున్నాను, ఆ ఒక్క పని మాత్రం బుద్ధిగా చేశాను. అమ్మ కూడా చూసి "ఇదేంటి, ఓఆర్‌డీ అని ఉంది, ఓహేర్‌లో డీ ఎక్కడుంది" అని అడిగింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దీన్ని ఆర్చర్డ్ ఫీల్డ్ అనేవాళ్లు, పేరు మారినా కోడ్ అదే ఉండిపోయింది. ఆ ముక్క చెప్తే "మన గన్నవరానికి వీజీఏ అన్నట్టు" అంది, టీచర్‌గా రిటైరైన మనిషి కదా.

వీల్‌చైర్ సంగతి ఇక్కడ ఒప్పుకోవాలి. మా అమ్మ రోజూ సాయంత్రం మా వీధి చుట్టూ మూడు రౌండ్లు నడుస్తుంది. వీల్‌చైర్ కాళ్ల కోసం కాదు, దారి కోసం. మొదటిసారి ఒక్కతే వచ్చినప్పుడు ఎక్కడ మారాలో, ఎవరిని అడగాలో తెలియదని పెట్టించాను, ఈసారి నేను పక్కనే ఉన్నా అలవాటుగా అదే పెట్టించాను, లైను తప్పుతుందన్న ఆశతో. గేటు దగ్గర చూస్తే వీల్‌చైర్లు పదిహేడు వరసగా నిలబెట్టి ఉన్నాయి, దాదాపు అన్నింట్లోనూ మన అమ్మలూ నాన్నలే. వాళ్లలో నిజంగా నడవలేని పెద్దాయన ఒకరు కుర్చీ కోసం ముప్పావుగంట ఎదురుచూశారని తర్వాత విన్నాను. ఆ పదిహేడులో ఒకటి నా వల్లే.

సెక్యూరిటీలో నుటెల్లా పట్టుకున్నారు. చేతిసంచిలో ద్రవాలు 100 మిల్లీలీటర్లకి మించకూడదని తెలుసు, కానీ పూసుకునేది, జారేది ఏదైనా ద్రవం కిందే లెక్క అని నా బుర్రకి తట్టలేదు. పీనట్ బటర్ కూడా అంతే. అమ్మ ఆ ఆఫీసర్ వైపు, నా వైపు చూసి "తినేది కదరా, నీళ్లెలా అవుతుంది" అంది. ఆవిడకి తెలుగు రాకపోయినా భావం అర్థమైనట్టుంది, నవ్వి, సారీ అమ్మా అన్నట్టు తల ఊపి సీసాని డబ్బాలో పడేసింది. ఆ డబ్బాలో అప్పటికే ఒక తేనె సీసా, రెండు నెయ్యి డబ్బాలు ఉన్నాయి. గాజుల కోసం అమ్మని పక్కకి తీసుకెళ్లి ఒక ఆడ ఆఫీసర్ చేత్తో తడిమి చూసింది, అదో అయిదు నిమిషాలు. మొత్తం సెక్యూరిటీ నలభై నిమిషాల్లో అయిపోయింది. అంత లైను చూసి భయపడ్డాను గానీ అసలు లైన్ల వల్ల మాకు పోయిందేమీ లేదు.

పోయింది విమానం ఎక్కాక. ఎనిమిదిన్నరకే తలుపులు వేశారు, తొమ్మిదికి వెనక్కి నెట్టారు, ఆ తర్వాత కదలదు. బయట మంచు పడుతూనే ఉంది. రెక్కల మీద మంచు పేరుకుంటే విమానం సరిగ్గా లేవదు కాబట్టి ముందు దాన్ని కరిగించాలి, దాన్నే డీఐసింగ్ అంటారు. మా ముందు విమానాలు బారులు తీరి ఉన్నాయి. గంట గడిచాక మా వంతు వచ్చింది. పొడుగు చేతుల క్రేన్ల లాంటి బండ్లు రెండు పక్కలా నిలబడి మొదట నారింజ రంగు ద్రవం, గ్లైకాల్‌తో కలిపి వేడి చేసింది, పొగలు కక్కుతూ రెక్కల మీద కొట్టాయి. అది పాత మంచుని కరిగించడానికి. ఆ తర్వాత ఆకుపచ్చది, జిగురుగా, కొత్త మంచు అంటుకోకుండా. కిటికీ అద్దం మీద నుంచి ఆ ఆకుపచ్చ జిగురు మెల్లగా కిందికి జారుతుంటే అమ్మ వంగి చూసి "అంత చలిలో స్నానం చేయిస్తున్నారేంట్రా దీనికి" అంది. ఆ పూతకీ ఒక గడువు ఉంటుంది, మంచు పడే జోరుని బట్టి. అది దాటేలోగా ఎగరకపోతే మళ్లీ మొదటికి. మాకు ఆ అదృష్టం పట్టలేదులెండి, కానీ ఎగిరేటప్పటికి పదీ నలభై.

గల్ఫ్‌లో మా చేతిలో ఉన్నది గంటా నలభై నిమిషాలు. గేటు దగ్గర్నుంచి గేటు దగ్గరికి మామూలు రోజుల్లో సరిపోతుంది, ఎయిర్‌లైన్ వాళ్లే అమ్మిన కనెక్షన్ అది. అందుకే నేనూ ఆలోచించలేదు. కానీ డిసెంబర్‌లో షికాగో నుంచి బయల్దేరేవాడు డీఐసింగ్ కోసం గంటయినా లెక్కలో పెట్టుకోవాలి. పైన పదమూడు గంటలు దారి పొడుగునా ముందు సీటు తెర మీద విమానం బొమ్మని చూస్తూ కూర్చున్నాను, అది తొందరపడుతుందేమోనని. మాత్రల సంగతి బయటపడింది ఇక్కడే. అన్నం తిన్నాక అమ్మ చేతిసంచి వెతుక్కుంటూ "ఆ గుడ్డసంచి ఏదిరా" అంది. నాకు నోట మాట రాలేదు. "ఒక్క రోజుకేం కాదులే" అంది అమ్మే మళ్లీ.

దిగేసరికి హైదరాబాద్ విమానం వెళ్లిపోయి పాతిక నిమిషాలు. ఫోన్ ఆన్ చేయగానే యాప్‌లో మెసేజ్: మీకు రేపు ఉదయం ఎనిమిది గంటల ఫ్లైట్‌లో సీటు ఇచ్చాం. హమ్మయ్య అనుకుని అమ్మ బుకింగ్ తెరిచి చూస్తే, ఆవిడకి ఎల్లుండి తెల్లవారుజామున. ఒకే విమానంలో దిగిన తల్లీకొడుకుల్ని కంప్యూటర్ విడదీసేసింది, దానికి మేమిద్దరం పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పరాయి మనుషులం. తల తిప్పి అమ్మకి చెబుదామంటే అమ్మ లేదు. విమానం తలుపు దగ్గర వీల్‌చైర్ అబ్బాయి ఎక్కించుకుని, మీరు ట్రాన్స్‌ఫర్ డెస్క్‌కి వెళ్లండి, మేడమ్ అక్కడికే వస్తారు అన్నాడు, నేను సరేనన్నాను.

ట్రాన్స్‌ఫర్ డెస్క్ దగ్గర రెండొందల మందికి తక్కువ ఉండరు. మా విమానం ఒక్కటే కాదు, యూరప్ నుంచి వచ్చినవి కూడా ఆలస్యమయ్యాయి. హాలు మధ్యలో మూడంతస్తుల ఎత్తున క్రిస్మస్ చెట్టు, దాని కింద జనం ఫొటోలు దిగుతున్నారు, ఆ చెట్టుని చుట్టుకుని మా లైను. అమ్మ రాలేదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. ఆవిడ ఫోన్‌లో ఉన్నది అమెరికా సిమ్, రోమింగ్ లేదు. వైఫై కలుపుకోవడం ఆవిడకి నేను నేర్పలేదు. లైను వదిలితే చోటు పోతుంది, వదలకపోతే అమ్మ ఎక్కడుందో తెలియదు. వెనకాల ఉన్న కరీంనగర్ కుర్రాడు "అన్నా, నువ్ పో, నేను చూస్కుంట" అన్నాడు. అతనికి నా బ్యాగ్ అప్పగించి పరుగు. పరాయివాళ్ల దగ్గర బ్యాగ్ పెట్టకండి అని పైన స్పీకర్‌లో అదే పనిగా చెప్తూనే ఉన్నారు.

నలభై నిమిషాలు వెతికాను. వీల్‌చైర్ వాళ్లందరినీ చేర్చే హాలు ఒకటి వేరే ఉందట, పై అంతస్తులో, వెనక్కి వాలే కుర్చీలతో. వెళ్లేసరికి అమ్మ మధ్యలో కూర్చుని ఉంది, చుట్టూ అయిదుగురు ఆవిడలు, ఒడిలో బాదం డబ్బా మూత తీసి ఉంది. షికాగో దగ్గర అరోరా గుడి లడ్డూ ఒకటి అందరికీ చిదిపి పెట్టినట్టుంది, పేపరు మీద పొడి మిగిలింది. నాకు కాళ్లు వణుకుతున్నాయి, ఆవిడ మాత్రం తీరిగ్గా "ఇదిగో మా వాడు" అని పరిచయం చేసింది. అందులో వరంగల్ ఆంటీ ఒకావిడ, ఇది ఆవిడ నాలుగో ట్రిప్పట, నన్ను కూర్చోబెట్టి చెప్పిన మాటలు నేను ఇంటర్నెట్‌లో ఎక్కడా చదవలేదు. "బాబూ, లైన్ల నిలబడితే తెల్లారుద్ది. నువ్వు లైన్లనే ఉండి అమెరికా నంబరుకు ఫోన్ కొట్టు, వాళ్ల కంప్యూటరూ వీళ్ల కంప్యూటరూ ఒకటే. పోయినేడు మా బిడ్డ గట్లనే చేసింది. టికెట్లు వేరేవేరే ఉంటే ముందే ఫోన్ చేసి లింక్ పెట్టిచ్చుకోవాలె, చేస్కోలేదా?"

చేసుకోలేదు ఆంటీ.

వైఫై మీద అమెరికా కస్టమర్ కేర్ నంబర్‌కి కొట్టాను. ముప్పై అయిదు నిమిషాలు అదే పియానో సంగీతం. ఈలోగా లైనులో నా చోటు పన్నెండు అడుగులు కదిలింది, కరీంనగర్ కుర్రాడు వాట్సాప్‌లో ఎప్పటికప్పుడు చెప్తూనే ఉన్నాడు. ఫోన్ ఎత్తినావిడకి రెండు పీఎన్‌ఆర్‌లూ చెప్పి, మా అమ్మకి అరవై ఏడేళ్లు, బీపీ మాత్రలు సూట్‌కేసులో ఉండిపోయాయి, ఇద్దరినీ ఒకే దాంట్లో వేయండి, ఏ ఫ్లైట్ అయినా సరే అన్నాను. ఉదయం దాంట్లో ఒక్క సీటే ఉంది. మధ్యాహ్నం రెండున్నర ఫ్లైట్‌లో రెండు దొరికాయి. నా సీటు ఉదయం నుంచి మధ్యాహ్నానికి మార్పించుకున్నాను. తర్వాత బ్యాగ్ పోవడానికి ఈ రెండోసారి మార్పే కారణం అయుండొచ్చని హైదరాబాద్‌లో ఒకతను అన్నాడు. నిజమో కాదో, నేనైతే మళ్లీ అదే చేస్తాను.

హోటల్ ఇస్తామన్నారు, ఒకే టికెట్ మీద కనెక్షన్ తప్పితే వాళ్లదే బాధ్యత కాబట్టి. కానీ దానికి ఇంకో లైను, ఇమిగ్రేషన్ దాటి బయటికి పోవాలి, మళ్లీ రావాలి. అమ్మ వద్దంది. భోజనం కూపన్లు తీసుకుని ఆ వాలు కుర్చీల్లోనే తెల్లవార్లూ గడిపాం. అక్కడి క్లినిక్‌లో బీపీ చూశారు, కాస్త ఎక్కువే ఉంది గానీ భయం లేదన్నారు. గన్నవరం టికెట్ మాత్రం గోవిందా. అది వేరే కంపెనీది, వేరే బుకింగు. మీరు రాలేదు, మా విమానం టైముకే వెళ్లింది అంటారు, అందులో తప్పు పట్టడానికీ లేదు. ఎక్కకపోయినా ఎయిర్‌పోర్ట్ ఫీజులూ పన్నులూ వెనక్కివ్వాలన్న రూల్ ఉంది, అడిగితేనే ఇస్తారు. అడిగాను, ఇద్దరికీ కలిపి రెండు వేల లోపు వచ్చింది.

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి శంషాబాద్. ఇమిగ్రేషన్ గంట పట్టింది. బెల్టు దగ్గర మొదటి పది నిమిషాల్లోనే పసుప్పచ్చ పేలిక ఒకటి కనపడింది, తర్వాత ఇంకోటి, ఆ తర్వాత మూడోది. అంత దూరం నుంచి, అన్ని నల్ల పెట్టెల మధ్య, అమ్మ పేలికలు పూలల్లే కనపడ్డాయి. నాలుగోది రాలేదు. బెల్టు ఆగిపోయింది, మనుషులు పలచబడ్డారు. ఎయిర్‌ట్యాగ్ చూస్తే అది ఇంకా గల్ఫ్‌లోనే ఉంది. ఏ సూట్‌కేసు అంటారా, నేల మీద తెరిచిందే. మాత్రలున్నదే.

నాన్న ఫోన్లో "రేపు కనుక్కుందువులే, ముందు బయల్దేరండి" అన్నారు. ఆ మాట విని ఉంటే మునిగేవాళ్లం. ఎయిర్‌పోర్ట్ దాటక ముందే రిపోర్ట్ రాయించాలి, దాన్ని పీఐఆర్ అంటారు. డెస్క్‌లో ఉన్నతను ట్యాగ్ తాలూకు పది అంకెల చీటీ అడిగాడు, బోర్డింగ్ పాస్ వెనక అంటించి ఉంటుంది కదా, అది. తర్వాత రకరకాల సూట్‌కేసుల బొమ్మలున్న అట్ట ఒకటి ముందు పెట్టి మీది ఏ రకం, ఏ రంగు అన్నాడు. నల్లది, నాలుగు చక్రాలది అని వేలు పెట్టి చూపించాను. అమ్మ ఊరుకోలేదు, "పిడికి పసుప్పచ్చ చీరంచు, మూడు ముళ్లు, రాసుకో బాబూ" అంది. అతను నిజంగానే టైపు చేశాడు. హెచ్‌వైడీతో మొదలై, ఎయిర్‌లైన్ రెండక్షరాలు, తర్వాత అయిదు అంకెలు, ఇదీ మా ఫైల్ నంబర్. దాన్ని ఫొటో తీసుకున్నాను. లోకల్ ఫోన్ నంబర్ కావాలంటే నాన్నది ఇచ్చాను. ఇది రెండో తెలివితక్కువ పని, ఎందుకంటే నాన్న తెలియని నంబర్ ఎత్తరు. అప్పుల యాప్‌ల గోల భరించలేక మానేశారు.

పదకొండుకి బయటపడి, అక్కడే క్యాబ్ మాట్లాడుకున్నాం. గన్నవరంలో దిగి ఇంట్లో టిఫిన్ తినాల్సినవాళ్లం, అవుటర్ మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర విజయవాడ హైవే ఎక్కాం. చౌటుప్పల్ దాటాక పొగమంచు, డ్రైవర్ ముందు లారీ ఎర్ర లైటు పట్టుకుని నడిపాడు. సూర్యాపేటలో టీ తాగి, అక్కడే తెరిచి ఉన్న మందుల షాపులో అమ్మ మాత్రలు రెండు రోజులకి తీసుకున్నాం, పేర్లు నా ఫోన్‌లో ఫొటో ఉండబట్టి సరిపోయింది. తెనాలి చేరేసరికి అయిదున్నర. నాన్న గేటు దగ్గర మఫ్లర్ కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆరు నెలల తర్వాత చూసుకున్న మొగుడూ పెళ్లాలు మాట్లాడుకున్న మొదటి మాట: "సామాన్లు మూడే ఉన్నాయేం?"

మంగళవారం ఎయిర్‌ట్యాగ్ శంషాబాద్ చూపించింది. వెబ్‌సైట్‌లో మాత్రం "వెతుకుతున్నాం" అనే ఉంది. ఫోన్ చేసి, సర్, బ్యాగ్ మీ ఎయిర్‌పోర్ట్‌లోనే ఉంది, నా ఫోన్‌లో కనపడుతోంది అంటే, మా సిస్టమ్‌లో అప్‌డేట్ కాలేదండి అంటారు. రెండు రోజులు ఇదే పాట. గురువారం విసుగెత్తి ఎయిర్‌ట్యాగ్ స్క్రీన్‌షాట్, ఫైల్ నంబర్, ట్యాగ్ నంబర్ కలిపి మెయిల్ పెట్టి, సబ్జెక్ట్‌లో పెద్దావిడ మందులు ఉన్నాయని రాశాను. ఆ సాయంత్రమే జవాబు, పంపిస్తున్నాం అని. శుక్రవారం కొరియర్ అబ్బాయి తెనాలి వచ్చి నాన్నకి నాలుగు సార్లు ఫోన్ చేసి వెళ్లిపోయాడు. అయిదో మిస్డ్ కాల్ నేను చూసి తిరిగి కొట్టేసరికి అతను గుంటూరు దారిలో ఉన్నాడు. బతిమాలితే శనివారం తెచ్చాడు. వ్యాన్ వెనక తలుపు తీసి "ఏదండీ మీది" అంటే లోపల పది పెట్టెలు, ఏడు నల్లవి. చూపించే పని లేకపోయింది, ముళ్లు కొంచెం నల్లబడ్డాయంతే.

బ్యాగ్ ఆలస్యమైతే డబ్బు వస్తుందని చాలామంది అడగనే అడగరు. మాంట్రియల్ కన్వెన్షన్ అని అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది, ఇండియా, అమెరికా రెండూ అందులో ఉన్నాయి. బ్యాగ్ చేతికొచ్చిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలి, పగిలిపోయి చిరిగిపోయి వస్తే 7 రోజుల్లోపే. పరిమితి ఇప్పుడు మనిషికి 1,519 ఎస్‌డీఆర్, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) లెక్క అది, సుమారు రెండు వేల డాలర్లు. అంత ఇచ్చేస్తారని కాదు, అదే గరిష్ఠం. మనం పెట్టిన ఖర్చుకి బిల్లులు చూపించాలి. మాత్రలు, అమ్మకి రెండు చీరలు, నా బట్టలు కొన్ని ఆ సూట్‌కేసులోనే ఉన్నాయి కాబట్టి నాకు చొక్కాలు, అన్నీ కలిపి 9,400 రూపాయలు. సూర్యాపేట బిల్లుతో సహా దాచాను. మొదట, ఇంటికే చేరుకున్నారు కదా, సొంతూరిలో ఖర్చు మేం ఇవ్వం అని మెయిల్ వచ్చింది. అమ్మకి ఇది ఇల్లే, నాకు కాదు, నేను ఉండేది నేపర్‌విల్‌లో అని అడ్రసు రుజువు పెట్టి తిరిగి రాశాను. ఆరు వారాలకి 6,800 పడ్డాయి. చీరలు కొట్టేశారు.

జనవరి మూడో వారంలో తిరుగు ప్రయాణం. శంషాబాద్‌లో స్కానింగ్ దగ్గర నా సూట్‌కేసు పక్కకి తీసి, అందులోంచి ఎండుకొబ్బరి చిప్పలు నాలుగు బయట పెట్టించారు. నూనె ఎక్కువ కదా, దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందని రానివ్వరు. అవి ఎప్పుడు పెట్టిందో నాకు తెలియదు. కరివేపాకు కూడా పెట్టబోతే నేనే ఇంట్లో తీసేశాను, నిమ్మజాతి చెట్ల తెగులు భయంతో అమెరికాలో రానివ్వరు దాన్ని. ఈసారి మధ్యలో అయిదు గంటల గ్యాప్ తీసుకున్నాను, మొత్తం ఒకే టికెట్ మీద, గన్నవరం నుంచి కూడా.

డబ్బులు పడ్డ రోజు ఫోన్లో చెప్తే అమ్మ ఎంత, ఎందుకెందుకు ఇచ్చారు అని లెక్కంతా అడిగింది. అంతా విని, కాసేపు ఆగి, "నుటెల్లాకి ఇవ్వలేదా మరి?" అంది.